కాటా బాబాయ్ తూచిన దేశం

నా పెట్టె ముప్పై ఒక్క కిలోలు తూగింది. విమానంవాళ్లు ఒప్పుకునేది ఇరవై మూడు. ప్రయాణం ఇంకా వారం ఉంది కాబట్టి అది ఉత్తుత్తి సర్దుడే, కానీ ఉత్తుత్తికే ఇంత తూగితే అసలు రోజుకి ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. అప్పటికే విప్పి మళ్లీ సర్దడం చాలాసార్లు అయింది. సర్దినప్పుడల్లా బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు.

నేను కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. మైనం, ప్లాస్టరు, చిన్న చిన్న చాకులు, ఇదే నా లోకం. ఈమధ్య మా కంపెనీ పళ్లని తనంతట తానే చెక్కే యంత్రం కొంది. దాన్ని నడపడం నేర్చుకోవాలంటే అది తయారయ్యే దేశం వెళ్లి ఆరు వారాలు ఉండాలి. నాకూ మా జూనియర్‌కీ ఇద్దరికీ వీసాలు చేయించి ఉంచారు, వెళ్లేది మాత్రం ఒకరే. ముందు అవకాశం నాది. నేర్చుకుని వచ్చినవాళ్ల చేతికే యంత్రం, దానితోపాటు ఆ గది పెత్తనం. వెళ్తానో లేదో రేపు పొద్దున చెప్పమన్నాడు మేనేజరు. నేనేమో పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు నుంచి సరిగా తిండి తినలేదు. ఎవరికీ చెప్పలేదు గానీ, త్రాసు ముల్లు ముప్పై ఒకటి దగ్గర ఆగగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సాకు దొరికింది. "ఇంట్లో కుదరడం లేదు సార్" అన్న మాట అప్పటికే నోటిదాకా వచ్చి కూర్చుంది.

తూచింది మా బాబాయ్. కాటాలు బాగుచేయడం ఆయన వృత్తి. కూరగాయల కొట్టు కాటా దగ్గర్నుంచి లారీలు ఎక్కించే కాటా దాకా ఆయన చెయ్యి పడనిది లేదు, అందుకే ఊరంతటికీ కాటా బాబాయ్ అయ్యాడు. మా ఇంట్లో దేశం దాటినవాడు ఆయనొక్కడే. అదీ ఒక్కసారే, ఎలక్ట్రానిక్ కాటాలు కొత్తగా వచ్చినప్పుడు నేర్చుకురమ్మని కంపెనీ పంపితే. ఆ ఒక్కసారితోనే ప్రయాణాల విషయంలో ఆయన మాటకి తిరుగులేకుండా పోయింది.

ఇక పెట్టె సంగతి. మా అత్తయ్య ప్రెషర్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, స్నానానికి మగ్గు పెట్టింది. మా ఆయన ఎక్స్‌టెన్షన్ బాక్సు, టార్చి, తాళాలు, స్క్రూడ్రైవర్లు పెట్టాడు. పిన్ని రెండు దుప్పట్లు తెచ్చి కుక్కింది. నా వాటా ఆరు వారాలకి సరిపడా సబ్బులు, పేస్టులు, మాత్రలు, సూదీదారం, విడి గుండీలు. ఆ దేశంలో మనుషులు ఉండరు, ఒట్టి రాళ్లే ఉంటాయన్నట్టు సర్దాం.

బాబాయ్ తలుపు పైకమ్మికి తగిలించిన త్రాసు నుంచి పెట్టెని కిందికి దించి, కుర్చీ లాక్కుని, టీ కప్పు అందుకున్నాడు.

"ఎనిమిది కిలోలు ఎక్కువ, అంతేగా? దీనికే మొహం అలా పెడితే ఎలా తల్లీ? నేను వెళ్లినప్పుడు ఏం జరిగిందో నీకు చెప్పానా? చెప్పే ఉంటాను, కానీ పూర్తిగా చెప్పుండను, పూర్తిగా చెప్తే ఎవరూ నమ్మరని సగమే చెప్తుంటాను. నా పెట్టె ఇలాగే కౌంటర్ దగ్గర కాటా మీద పెట్టాను. అక్కడి అమ్మాయి, రెండొందల గ్రాములు ఎక్కువుంది, తీసేయండి అంది. నేను పెట్టె పిడి పట్టుకుని ఒక్కసారి ఎత్తి చూసి, తప్పు నా పెట్టెది కాదమ్మా, నీ కాటాది అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్వదూ మరి? నేను వంగి కాటా కింద చెయ్యి పెట్టాను. ఏం దొరికిందనుకున్నావ్? ఎవడో నమిలి అంటించిన చూయింగ్ గమ్. పీకి అవతల పారేశాను. ముల్లు వచ్చి ఇరవై మూడు మీద నిలబడింది."

ఇంతవరకూ బాగానే ఉంది. ఇలాంటిది జరగొచ్చు. మా ఆయన కూడా తలూపాడు, ఆ తలూపడమే ఆయన చేసిన తప్పు.

"అది చూసి పక్క కౌంటర్‌వాళ్లు, మాది కూడా చూడండి మాస్టారూ అన్నారు. దాని పక్కవాళ్లు కూడా. నేను అక్కణ్నుంచి ఇక్కడిదాకా ఒక్కొక్క కాటా సరిచేసుకుంటూ పోతున్నాను, వెనక జనం, ఆ జనం వెనక సామాన్లు, విమానం టైమైపోయింది, అయినా నన్ను వదిలేసి వెళ్లడానికి వాళ్లకి ధైర్యం చాల్లేదు. ఆఖరికి పైలట్ తనే దిగొచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అయ్యా, సామాన్ల తూకాలన్నీ తప్పయితే మరి నా విమానం సంగతేంటి అన్నాడు. పాపం, వణికిపోతున్నాడు. నేను విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రెక్క కింద భుజం ఆనించి ఇలా కాస్త ఎత్తి చూశాను."

"విమానాన్నా మావయ్యగారూ?" అన్నాడు మా ఆయన.

"మొత్తం ఎత్తానన్నానా అల్లుడూ? కాస్త. టైరుకీ నేలకీ మధ్య కాగితం దూరేంత. ఎడమ పక్క ఓ మనిషి బరువు ఎక్కువుంది అని చెప్పాను. లోపలికెళ్లి చూస్తే ఎడమవైపు కిటికీ దగ్గర ఓ భారీ వకీలు కూర్చునున్నాడు. ఆయన్ని లేపి కుడివైపు కూర్చోబెడితే గానీ విమానం కదల్లేదు."

మా అత్తయ్య దుప్పటి మడతపెట్టడం ఆపేసింది. మా వైపు నుంచి వచ్చే ఏ మాటనైనా ఆవిడ నమ్ముతుంది, అది ఆవిడ మర్యాద. లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పమన్నారా అని అడిగింది. అందర్నీ విప్పమన్నారనీ, తనని మాత్రం వద్దన్నారనీ చెప్పాడు బాబాయ్.

"సరే, ఎగిరాం. మేఘాల్లోకి వెళ్లాక ఏమైందో చెప్పుకోండి చూద్దాం. గాలివాన. విమానం ఓసారి ఇటు, ఓసారి అటు. జనం ఏడుపులు. మైకులో పైలట్ గొంతు, కాటా మాస్టారు ఎక్కడున్నా వెంటనే లేచి నిలబడాలని. లేచాను. నడవాలో సరిగ్గా మధ్యన నిలబడ్డాను. కాటాకి ముల్లు ఎలాగో, విమానానికి నేను అలాగ. చేతులు రెండూ చాపి, ఒక చేతిలో ఎవరిదో పసిపిల్లని, ఇంకో చేతిలో ఎవరిదో సంచీని పట్టుకుని, కుడి కనుబొమ్మ ఎత్తితే కుడిపక్కవాళ్లంతా ఊపిరి బిగబట్టాలి, ఎడమది ఎత్తితే ఎడమవాళ్లు వదలాలి. అలా తీసుకెళ్లాను తల్లీ ఆ విమానాన్ని, సముద్రం దాటే దాకా. మధ్యలో ఒకావిడ చెప్పాపెట్టకుండా తుమ్మింది. ఆ ఒక్క తుమ్ముకి మూడు తాటిచెట్ల ఎత్తు కిందికి జారాం. నేను కోప్పడ్డాను కూడా, తుమ్మే ముందు చెప్పాలి కదా అని."

మా ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. చెవిలో పూలు పెడుతున్నాడని నాకూ తెలుసు. అయినా వింటున్నకొద్దీ నాకు ధైర్యం తగ్గుతోంది. అబద్ధాలన్నీ తీసేసినా, కౌంటర్ దగ్గర నిలబడి, తప్పు నాది కాదు, నీ కాటాది అనగలిగిన మనిషి ఆయన. నేనయితే తప్పు నాదేనని ఒప్పేసుకుని ఇంటికి తిరిగొచ్చేస్తాను. తెలియని దేశం వెళ్లడమంటే అలాంటి గుండె ఉండాలి కాబోలు, అది నాకు లేదు అనుకున్నాను. ఫోను చేతికందేంత దూరంలో బల్ల మీదుంది.

"దిగాక మాత్రం ఊరుకున్నారా? ఆ దేశంలో ఇంకో గొడవ. వాళ్ల కిలో మన కిలో కంటే తక్కువ. ఎప్పుడో ఏ తాతో చేసిన పొరపాటు, అలాగే నడుస్తోంది. మనుషులంతా ఉన్నదానికంటే ఎక్కువ తూగుతున్నారు, మేం లావైపోతున్నాం అని దిగులుపడి, తిండి మానేసి, పొద్దున్నే లేచి పరుగులు పెడుతున్నారు. పెద్ద కాటా ఎక్కడుందో చూపించమన్నాను. ఒక్క మర తిప్పాను. సాయంత్రానికల్లా దేశం మొత్తం మనిషికి నాలుగు కిలోలు తగ్గిపోయింది. వీధుల్లోకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. వాళ్ల డాక్టర్లకి మాత్రం నామీద ఇప్పటికీ కోపమే, బేరాలు పోయాయని."

"దేశం అంతా కృతజ్ఞతతో ఉందన్నమాట," అన్నాడు మా ఆయన.

"అక్కడితో అయిపోయిందా? ఆ దేశం పెద్దాయన కబురు పెట్టాడు. రహస్యంగా ఓ మాట అడిగాడు, మా దేశం సముద్రంవైపు ఒరుగుతోందని నాకు అనుమానం, కాస్త తూచి పెడతారా అని."

"దేశాన్ని ఎలా తూస్తారు?"

"ముంచి. నీళ్లలో ముంచి, ఎన్ని నీళ్లు పొంగాయో కొలిస్తే బరువు తెలిసిపోతుంది. చిన్న దేశమేలేవయ్యా. ఓ మధ్యాహ్నం పట్టింది. జనాన్ని కాసేపు మేడలెక్కి నిలబడమన్నాం."

అప్పుడడిగింది మా అత్తయ్య. వెటకారం ఆవిడకి చేతకాదు. దుప్పటి ఒళ్లో పెట్టుకుని, పెట్టెలోని నా చీరల వైపు చూస్తూ అడిగింది.

"ఇన్ని పనులు చేశారు కదా అన్నయ్యగారూ, మార్చుకోవడానికి మరి బట్టలెన్ని తీసుకెళ్లారు?"

బాబాయ్ నోరు తెరిచాడు. ఖాళీ కప్పు ఎత్తి తాగాడు.

మూలన కూర్చుని వింటున్న మా పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "చెప్పండి. నన్ను చెప్పమంటారా?" అంది. బాబాయ్ తలుపుకి వేలాడుతున్న త్రాసు కేసి చూశాడు గానీ వద్దనలేదు.

పిన్ని చెప్పింది ఇదీ. కొత్త దేశం వెళ్లబోతున్నవాడు వెంట ఏం తీసుకెళ్లాలని బాబాయ్ రోజుల తరబడి ఆలోచించాడట. అక్కడ కిలో అంటే ఎంతుంటుందో ఎవడికి తెలుసు, నా కిలో నా దగ్గరుండాలి అన్నాడట. తన తూకపు రాళ్లన్నీ, వంద గ్రాముల దగ్గర్నుంచి పెద్ద ఇనప దిమ్మ దాకా, గుడ్డల్లో చుట్టి పెట్టె అడుగున పేర్చాడు. పైన బట్టలు. కౌంటర్ దగ్గర కాటా సరిగ్గానే ఉంది, చూయింగ్ గమ్ ఏమీ లేదు. పెట్టే ఎక్కువ తూగింది. బరువు తగ్గించమంది ఆ అమ్మాయి. వెనక వరస నిలబడుంది. పెట్టె నేలమీద తెరిచి, అటూ ఇటూ చూసి, ఈయన బట్టలు తీసేశాడు.

"బట్టలా?" అన్నాను.

"బట్టలే. సబ్బూ తువ్వాలుతో సహా. మూటకట్టి, సాగనంపడానికి వచ్చిన నా చేతికిచ్చి, ఇనుము పట్టుకుని విమానం ఎక్కాడు. ఒంటిమీదొక చొక్కా, చేతిసంచీలో ఒక చొక్కా. నేను ఆ మూట పట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను," అంది పిన్ని.

అత్తయ్య వెంటనే తనకి తోచిన ముఖ్యమైన విషయం అడిగింది, ఆ రాళ్లు అక్కడ పనికొచ్చాయా అని. ఈసారి బాబాయే జవాబిచ్చాడు. గొంతు మామూలుగా ఉంది, కుర్చీలో కొంచెం కిందికి జారి కూర్చున్నాడు. మొదటి రోజే అక్కడి మేస్త్రీ తన రాయిని వాళ్ల కాటా మీద పెట్టించాడనీ, రవ్వంత తేడా కూడా రాలేదనీ, మళ్లీ తిరిగొచ్చే దాకా వాటిని గుడ్డలోంచి తీయలేదనీ చెప్పాడు. "అక్కడా కిలో అంటే కిలోయే," అన్నాడు.

"మరి బట్టల్లేకుండా అన్నాళ్లూ ఏం చేశావు బాబాయ్?"

"ఏం చేస్తాను తల్లీ, దిగగానే ఓ కొట్టుకెళ్లి ఒళ్లు రుద్దుకుంటున్నట్టు చేత్తో చూపించాను. సబ్బిచ్చాడు. తువ్వాలు కూడా అతనే గుర్తుచేశాడు. చొక్కా ఇవాళ ఉతికితే రేపటికి ఆరేది. మనుషులున్న చోట సబ్బు అమ్ముతారు."

"భయం వెయ్యలేదా?"

"వేసింది కాబట్టే కదా ఇనుము పట్టుకెళ్లాను."

ఆ మాటకి పక్కింటివాళ్లకి వినబడేంతగా నవ్వాను. చాన్నాళ్ల తర్వాత ఆకలి వేసింది. ఇంత కోతలు కోసే మనిషి, ఊళ్లో ఎవరి కాటానీ నమ్మని మనిషి, అక్కడికి నాలాగే భయపడుతూ వెళ్లాడు, అదీ బట్టల్లేకుండా. ఏమీ కాలేదు. పని నేర్చుకున్నాడు, తిరిగొచ్చాడు, పైగా ఇన్నేళ్లకి సరిపడా కబుర్లు తెచ్చుకున్నాడు.

పెట్టె ముందు కూర్చుని తియ్యడం మొదలుపెట్టాను. కుక్కరు తీస్తుంటే అత్తయ్య, అదొక్కటీ ఉండనీ అమ్మా అంది. వినిపించుకోలేదు. దుప్పట్లు పిన్ని ఒళ్లో పెట్టాను. మా ఆయన స్క్రూడ్రైవర్ల కోసం వాదించబోయి, నా మొహం చూసి తనే తీసి జేబులో పెట్టుకున్నాడు. బాబాయ్ లేచి, ఇప్పుడు తూచి చూద్దామా అన్నాడు. అక్కర్లేదన్నాను.

పొద్దున దాకా ఆగలేదు. అందరి ముందే మేనేజరుకి ఫోన్ చేసి, నేనే వెళ్తున్నాను, టికెట్ నా పేరు మీదే తీసుకోండి అన్నాను. వెనక బాబాయ్ అప్పుడే మా అత్తయ్యకి, తిరుగు ప్రయాణంలో సముద్రం మీద ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ దొరికేది ఇక్కణ్నుంచి మోసుకెళ్లను, తెలియనిది ఎవర్నయినా సరే అడుగుతాను అని ఆ సాయంత్రం నిర్ణయించుకున్నాను. అలాగే వెళ్లాను. దిగిన రోజే బస్సు ఎక్కడ ఆగుతుందో ఒకర్ని, సబ్బు ఎక్కడ దొరుకుతుందో ఒకర్ని అడిగాను. ఇద్దరూ చెప్పారు.