మోసిన మనిషి పేరు

హలో… ఆ, నేనే వదినా. జెస్సీని. నీ తమ్ముడు ఏసోబు పెళ్లాన్ని. ఐదు నెలల తర్వాత గుర్తొచ్చానా?

…

లేదు, పనికి పోలా. కోల్డు స్టోరేజీలో ఇవాళ మిరపకాయల తొడిమలు తీసే పని లేదు. చెప్పు.

…

ఓహో… పాస్టరుగారు అప్పుడే చెప్పేశారా? నిజమే. ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ల పట్టీలో నా పేరు రాయించా. నీ పేరు కిందే. నువ్వు బాబుని మన ఊరి చర్చికి ఎత్తుకుని వచ్చి దేవుడికి ప్రతిష్ఠ చేయిస్తావు. 'దేవుడు నా గర్భం తెరిచాడు' అని సాక్ష్యం చెప్తావు. అందరూ స్తోత్రం అంటారు. ఆ తర్వాత నేను లేస్తా.

…

ఏం చెప్తానా? నాలుగేళ్ల కింద గడ్డలొచ్చి నీ గర్భసంచి తీసేశారని చెప్తా. తీసేసినదాన్ని తెరిచాడంటే దేవుడు మాత్రం ఒప్పుకుంటాడా?

…

అరవమాక. నేనేమీ నీ బళ్లో పిల్లని కాదు.

…

నాకేం తెలుసా? అప్పుడూ ఇదే మాట. ఆస్పత్రిలో కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఇదేంటి వదినా అని అడిగా. డాక్టరమ్మ ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి వెళ్లిపోయింది. నువ్వేమన్నావు? 'ఎనిమిదో తరగతిలో మిరపకాయలు కోయడానికి బడి మానేసినదానివి, నీకివన్నీ అర్థం కావులే, పెట్టు' అన్నావు. పెట్టా.

…

చిన్న విషయమా? నేను 'అన్నయ్యా' అని పిలిచే నీ మొగుడి బిడ్డని నా రక్తంలో కలుపుకుని మోస్తున్నానేమోనని రెండు నెలలు వణికిపోయా వదినా. పాపం చేశాననుకున్నా. బైబిలు ముట్టుకోడానికి భయమేసింది. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేకపోయా. నువ్వు పక్కనే కూచుని దానిమ్మకాయలు ఒలిచి పెట్టావు గానీ ఒక్క మాట విడమరిచి చెప్పలా.

…

ఎవరు చెప్పారంటే, కౌసర్ సిస్టర్. స్కానింగు దగ్గరుండే నర్సు. ఎందుకేడుస్తున్నావమ్మా అని అడిగి, మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. అండం మీ వదినది. వీర్యకణం ఆయనది. రెండిటినీ ల్యాబులో కలపడం ఐవీఎఫ్. అట్లా తయారైన పిండాన్ని ఎంబ్రియో అంటారు. అది తెచ్చి నీలో పెట్టారు. దీన్ని గెస్టేషనల్ సరోగసీ అంటారు, బిడ్డలో నీ పోలికా రాదు, నీకే పాపమూ రాదు, అంది. మిరపనారు ఒకళ్ల మడిలో పోసి ఇంకొకళ్ల చేలో నాటమా, అట్లా. … ఇంతే కదా? మూడు నిమిషాలు పట్టింది నాకు అర్థం కావడానికి. నువ్వు పదేళ్లుగా పాఠాలు చెప్తున్నావు!

…

భయపడమాక, బాబు నాకొద్దు. బిడ్డ మీకే చెందుతాడన్న కోర్టు కాగితం సంగతి నాకూ తెలుసు. వాడు నీవాడే. ఇంకో బిడ్డ కావాలని మళ్లీ నా గడప తొక్కినా లాభం లేదు, ఒక ఆడది జన్మకి ఒక్కసారే ఇట్లా మోయాలంట. అదీ చట్టమే. అదీ నేర్చుకున్నా.

…

ఏంటా ఏడుపు? వాడేనా? … ముందు ఎత్తుకో. ఫోను పక్కన పెట్టు, నేనుంటా. … … భుజం మీద వేసుకుని వీపు నిమురు. గ్యాసు పట్టుంటుంది. … ఇంకొంచెం పైన. … ఆ. … తగ్గిందా?

సరే. ఇప్పుడు విను.

నీ తమ్ముడు గుజరాత్‌లో లారీ తోలుకుంటూ రెండేళ్లుగా ఊరికి రాలా. 'మా అక్క అడిగింది, కాదనమాక' అని ఫోన్లోనే అన్నాడు. ఐదో నెలలో నా కడుపు బోరింగు దగ్గర ఆడవాళ్ల కంటబడింది. అప్పుడు గదా నన్ను గుంటూరులో గది తీసుకుని దాచింది? నువ్వేమో చిలకలూరిపేటలో కడుపుకి గుడ్డలు కట్టుకుని తిరిగావు. కానుపయ్యాక నేను ఊరికి ఒట్టి చేతుల్తో వచ్చా. ఏమనుకుంటారు జనం?

…

చెప్పకుండా ఉన్నది నీకిచ్చిన మాట కోసం. 'బాబు ప్రతిష్ఠ దాకా ఆగు జెస్సీ, నేనే అందరికీ చెప్తా' అన్నావు. ఆగా. నువ్వు బాబుతో ఊరికొచ్చిన ఆదివారం సంఘపెద్ద బుల్లయ్య అందరి ముందూ నిన్ను లేపి అడిగాడు, 'నీ మరదలి సంగతి నీకేమన్నా తెలుసా అమ్మా' అని. ఏమన్నావు? … చెప్పు. … మర్చిపోయావా? 'నాకేం తెలియదండి, ఆమెనే అడగండి' అన్నావు. నా కడుపున పడి వచ్చినవాడు అప్పుడు నీ ఒళ్లో పాలు తాగుతున్నాడు.

…

ఐదు నెలలు వదినా! నెల నెలా ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం నా దాకా వచ్చేసరికి ఎలీసమ్మ పెద్దమ్మ దాన్ని నా తల మీదుగా అవతలామెకి అందించేది. నా కూతురు, 'అమ్మా, మనకి పెట్టరా' అని అడిగేది. సండే స్కూల్లో దాన్ని 'మీ అమ్మ తమ్ముణ్ణి అమ్మేసింది' అన్నారంట. ఐదేళ్లది. అమ్మా, నన్ను కూడా అమ్ముతావా, అంది.

…

చీరా? … మీ బళ్లో ఆయా ఉద్యోగమా? పిల్లల ముక్కులు తుడవడానికా? ఉంచుకో, అవసరమైతే నువ్వే చేరు.

…

ఆదివారం సంగతి ఆదివారం. ఇవాళ్టి సంగతి చెప్తా. సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే వాక్యం పెడతావు గదా? ఇవాళ నిజం పెట్టు. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా.

…

పెట్టకపోతే నేను పెడతా. ఆస్పత్రి కాగితం ఫోటో. నా పేరు పక్కన సరోగేట్ అని ఉంది, నీ పేరూ ఉంది. … ఆ. టైపు చెయ్యి.

…

వచ్చింది. ఉండు, కూడబలుక్కుని చదవాలి గదా నేను… 'దేవుని కృప వలన… ఒక దగ్గరి బంధువు సహాయంతో…' ఆ బంధువుకి పేరు లేదా? తీసెయ్యి. ఇంకా ఎవరూ చూళ్లేదు. మళ్లీ రాయి.

…

'నా మరదలు జెస్సీ… అద్దె గర్భం ద్వారా…' అద్దె! ఎవరిచ్చారు అద్దె? చట్టమే ఒప్పుకోదంట వదినా, ఆస్పత్రి ఖర్చూ ఇన్సూరెన్సూ తప్ప. టీవీలో వాళ్లు అంటే అననీ. నువ్వు అనకూడదు. నేను నీ తమ్ముడి మాట మీద మోశా. తీసెయ్యి ఆ మాట.

…

మరేం రాయాలా? టీచరువి నన్నడుగుతావా? రాసుకో. 'నాకు గర్భసంచి లేదు. అండం నాది. మా బాబుని తొమ్మిది నెలలు మోసి కన్నది నా మరదలు జెస్సీ. ఆమె ఏ తప్పూ చేయలేదు.' … ఏడుస్తూనే రాయి. తప్పులొస్తే నేను దిద్దుతా.

…

పడింది. … పాస్టరమ్మ చూసింది. ఎలీసమ్మ పెద్దమ్మ మనవడు చూశాడు, వాడు చదివి వినిపిస్తాడు. … బుల్లయ్య పెద్ద చూశాడు. ఏదో రాస్తున్నాడు… ఆపేశాడు. … మళ్లీ రాస్తున్నాడు.

…

బానే రాశావు. ఒక్క తప్పు లేదు.

…

పట్టీలోంచి నా పేరా? తీయించుకుంటానని నేనెప్పుడన్నాను?

…

ఇంకేముందా చెప్పడానికి? నువ్వు రాసింది నా కడుపు సంగతి. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని నాకేం తెలియదన్నావే, అది రాయలా. అది నా నోటితో చెప్తా, నువ్వు ముందు వరసలో కూచుని వింటుంటే. తల ఎత్తుతావో దించుతావో నీ ఇష్టం. నేనైతే ఐదు నెలలు దించా.

…

బతిమాలమాక. వాడికి పాలు కలిపే వేళయింది, పో. … పెట్టేస్తున్నా.