నాలుగువందల పదిహేడు కొత్త నంబరు

తను మార్చింది ఒక్క నంబరేనని రూఫస్ మొదట్లో ఒప్పుకున్నాడు. అది మేమందరం విన్నాం. ఆ తర్వాత అది ఎక్కడిదాకా పోయిందో దానికి అతన్నొక్కడినే అనడం న్యాయం కాదు. నోరు తెరుచుకొని విన్న మాకూ అందులో వాటా ఉంది.

రూఫస్ నెల్లూరులో మోటారు సామాన్ల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. మధ్యాహ్నం కొడవలూరులో పనుందని చెప్పి వస్తుంటాడు. ఆ పని ఆదిశేషమ్మ టీ బంకులో బజ్జీలు తినడం.

ఆ రోజు అతని ఎదురుగా వెంకయ్య కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో అరిగిపోయిన పంపు బుష్షు. వరి పొట్ట మీదుంది, మోటారు ఆగి రెండు రోజులైంది, సాయంత్రానికి నీళ్లు పెట్టకపోతే పైరు దక్కదు. పొద్దున్నే షాపుకు పోయి, ఇరవై ఏళ్లుగా అడుగుతున్నట్టే నాలుగువందల పదిహేడు ఇమ్మన్నాడు. మా ఊళ్లో ఎవరి బుష్షు నంబరు వాళ్ల మోటారు షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసుంటుంది. పెళ్లిరోజు మరిచిపోయినవాళ్లున్నారు గానీ బుష్షు నంబరు మరిచిపోయినవాళ్లు లేరు. కౌంటర్లో వినీల కంప్యూటర్ నొక్కి చూసి, ఆ నంబరే లేదంది. పేరుతో వెతికితే రెండువందల బుష్షులు వచ్చాయి, అన్నిటి పేరూ బుష్షే. నంబర్లు మార్చింది రూఫసన్న, ఆయన్నే అడగమంది.

"చెప్తా వెంకయ్యన్నా. ముందు ఇదెట్టా జరిగిందో వినండి" అన్నాడు రూఫస్.

పైరు ఆగదు గానీ వెంకయ్య ఆగాడు.

"వాషరుకీ బెల్టుకీ ఒకటే నంబరు పడింది. వాషరు అడిగినోడికి బెల్టు పోతాంది. మా ఓనరు వచ్చి, రూఫసూ దీన్ని మార్చగలవా అన్నాడు. మార్చినా. అరనిమిషం. ఇందులో గొప్పేం లేదు, నేను చెప్పుకొనే రకం కూడా కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంత సులువైతే తతిమ్మా పదకొండు వేలు కూడా మార్చెయ్ అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినోళ్లు చెన్నై నుంచి ఫోన్ చేసి, అయ్యా వద్దు, ఇరవై ఏళ్లు వాడిన నంబర్లు, పాత బిల్లులన్నీ వాటినే పట్టుకొని వేలాడతుంటాయి, ఒకటి లాగితే గోడంతా వస్తుంది అని ఏడ్చినంత పని చేసినారు. నేను ఫోన్ పెట్టేసి మీట నొక్కినా. లోపల ఫ్యాను తిరిగింది చూడండీ, కాగితాలు లేస్తాయంటారే, మా షాపులో టేబులు లేచింది. నెల్లూరులో సగం లైట్లు మసకబారినాయి."

ఆటో నడిపే హెన్రీ, ఆ రోజు తన హారను కూడా మోగలేదని గుర్తు చేసుకున్నాడు. ఆ హారను మూడేళ్లుగా మోగడం లేదు. రూఫస్ మాత్రం సాక్ష్యం దొరికినట్టు తలూపి ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

"ఇంతేనా? కంప్యూటర్లో మారితే ఎవడికి గొప్ప? గోడౌన్‌లో ర్యాకుల మీద ఎర్ర రంగుతో రాసిన నంబర్లు వాటంతట అవే మారినాయి. పోయి ముట్టుకుంటే రంగు తడిగా ఉండాది. అక్కడితో ఆగిందా? జనం ఇళ్లల్లో ట్రంకు పెట్టెల్లో దాచుకున్న బిల్లులు మారినాయి. వెంకటాచలంలో ఒకాయన జేబులో బిల్లు పెట్టుకొని కునుకు తీస్తుంటే రొమ్ము మీద చీమలు పాకినట్టుందంట. తీసి చూస్తే పాత అంకెలు పక్కకి జరిగి కొత్తవాటికి చోటిస్తుండాయి. మోటారు షెడ్ల గోడల మీద బొగ్గు రాతల్ని కూడా వదల్లేదు. ఊరూరా మారుకుంటా మైపాడు దాకా పోయింది. సముద్రం అడ్డం రాబట్టి ఆగింది."

వెంకయ్య తువ్వాలు ముడి విప్పి, మళ్లీ కట్టాడు.

"మా షెడ్డు గోడ మీద పొద్దున కూడా నాలుగువందల పదిహేడే ఉండాది, అబ్బయ్యా."

మీ గోడకు సున్నం మందంగా పడుంటుందన్నాడు రూఫస్.

"సరే. దాని కొత్త నంబరేందో చెప్పు, పోయి తెచ్చుకుంటా."

రూఫస్ ఖాళీ గ్లాసులో టీ తాగాడు. పదకొండు వేలు తలలో పెట్టుకొని తిరగలేంగదా, పాతదాని ఎదురుగా కొత్తది వేసి ప్రింటు తీసి నా టేబులు మీదే పెట్టినా అన్నాడు. హెన్రీ ఊరుకోకుండా వినీలకు ఫోన్ కలిపి అందరికీ వినపడేట్టు పెట్టాడు. టేబులు మీద ఏ కాగితమూ లేదంది వినీల.

ఆదిశేషమ్మ బజ్జీలు తిప్పుతూనే అడిగింది. "మొన్న నాకు చిత్తుకాగితాలని ఒక కట్ట తెచ్చిచ్చినావే, అదేందో చూసుకున్నావా?"

మేకుకు గుచ్చిన కాగితాలు తీసి, చెయ్యి దూరంగా పెట్టి చదివింది. ఎడమ పక్క పాత నంబర్లు, కుడి పక్క కొత్తవి.

"నాలుగువందల దాకా ఉండాయి నాయనా. ఆ పైవన్నీ నిన్న బజ్జీలతో పోయినాయి."

రూఫస్ మొహం చూసి నాకు నవ్వు రాలేదని చెబితే అబద్ధం. వెంకయ్య మాత్రం నవ్వలేదు. మబ్బు లేని ఆకాశం వైపు చూశాడు.

ఫోన్లో వినీల ఇంకా లైన్లోనే ఉంది. "రూఫసన్నా, పెళ్లికి పోయిన మన గోడౌన్ సమాధానం తాత ఇప్పుడే వచ్చినాడు. నాలుగువందల పదిహేడా అని గోడౌన్లోకి పోయి, ర్యాకు మీద ఎర్ర నంబరు చూసి తెచ్చి నా ముందు పెట్టినాడు. సరుకు ఉండాది. కంప్యూటర్లో దీన్ని ఏమంటారో మీరొచ్చి చెప్తే బిల్లు కొడతా."

"ఆ రంగు ఇంకా తడిగా ఉందేమో అడుగమ్మా" అన్నాడు వెంకయ్య. తర్వాత లేచి రూఫస్ భుజం మీద చెయ్యేశాడు. "పద. బండి తియ్. పొద్దు వాలకముందే నీళ్లు పారాల."

రూఫస్ బండి తీశాడు. వెనక వెంకయ్య ఎక్కి కూర్చున్నాక, ఆదిశేషమ్మ నూనె చెయ్యి తుడుచుకొని వచ్చి, మిగిలిన కాగితాల కట్ట అతని ఒళ్లో పెట్టింది.

"నాలుగువందలు దక్కినాయి, జాగ్రత్తగా తీసుకపోండి. రేపటి బజ్జీలకి నేను ఆకులు చూసుకుంటాలే."