మీ తాత ఓడిపోలే, చేతులు దించిండు

"బాపమ్మా, తాత గా బాక్సింగ్ ఫైనల్‌ల ఎట్ల ఓడిపోయిండే?"

ఓడిపోయిండా? ఎవలన్నరు నీకు? ముందుగాల గా మాట వాపస్ తీసుకో, తర్వాత మంచం మీద కూసో. మీ తాత ఓడిపోలే. చేతులు దించిండు. ఓడిపోవుడు ఏరు, చేతులు దించుడు ఏరు. నలభై ఏండ్లు దాటింది, క్లబ్బు గోడకున్న బోర్డు మీద గెలిచినోడని ఇంకా యాకూబు పేరే ఉన్నది. ఎండకు పోదు, వానకు పోదు. జర రంగు పోతే ఎవడో ఒకడు నిచ్చెనేసుకొని మల్ల దిద్దుతడు. నేను అటు దిక్కు పోయినప్పుడల్లా మొకం ఇటు తిప్పుకొని నడుస్త. నా మెడ గట్లనే వంకరపోయింది. డాక్టరు నరాలంటడు గని నాకు తెల్వదా.

మొన్న నీ ఫోన్ల సూపెట్టినవు గద, దునియాల పెద్ద పెద్ద టైటిల్ ఫైట్లని. ఒకడేమో తాడుకు ఆనుకొని, ఎదుటోడు అలిసేదాక కొట్టించుకొని, ఎనిమిదో రౌండ్ల ఒక్కటిచ్చి పండబెట్టిండు. ఇంకొక కాడ పద్నాలుగు రౌండ్లు కొట్టుకొని కండ్లు వాసి, ఒకడు స్టూలు మీదికెల్లి లేవలేకపోయె. ఇంకొకడైతే ఎదుటోని చెవి కొరికి కింద ఉమ్మిండు, కుక్కకన్న నయం లేదు. అన్ని చూసి నేను గీంతేనా అన్ననా లేదా? తాడుకు ఆనుకునుడు మీ తాత ఎప్పుడో కనిపెట్టిండు. మన రింగుకు కట్టింది కొబ్బరి తాడు. ఆనుకుంటే ఈపు మీద పాము పాకినట్టు చారలు లేసేటియి. ఇగ చెవి పోయినోడంటవా, వానికి చెవి పోయింది గని గెలుపైతే ఇచ్చిన్రు గద. మీ తాతకు రెండు చెవులు మంచిగనే ఉండె. గెలుపే లేదు.

నువ్వు తాతను ముసలోడు అయినంకనే చూసినవు, గందుకే నీకు నమ్మకం లేదు. అప్పుడు బొగ్గుబాయిల ఫిల్లర్ పని. బాయిల దిగి షిఫ్టంత తట్టా, చెమ్మాస్ పార పట్టుకొని బొగ్గు ఎత్తి టబ్బులల్ల నింపుడే. గా భుజాలకు మన క్వార్టర్ తలుపుల నిలువుగ పట్టకపోవు, అడ్డం తిరిగి వచ్చేటోడు. చౌకట్ రెండుసార్లు ఊడింది. గుడ్డు పావలాకు దొరికిన దినాలు, పొద్దుగాల లేసి ఇరవై గుడ్లు గటగట తాగేటోడు. నవ్వకు. సరే, పన్నెండు. గా గుడ్లకోసం మా చెల్లె ఊరికెల్లి కోళ్లను బస్సుల తోలిచ్చేది. ఒకసారి గంప తెరుసుకొని కోళ్లు బస్సంత ఉరికితే కండక్టరు దాని మొగనికి టికెట్ కొట్టకుండ కోళ్లకు కొట్టిండు, గా ముచ్చట మల్ల చెప్త గని… ఏం చెప్తున్న? ఆఁ, ఫైనల్.

అన్ని బాయిల పోటీలు అయిపోయి, ఆఖరుకు ఇద్దరు మిగిలిన్రు. మన బాయి దిక్కు మీ తాత, వర్క్‌షాప్ దిక్కు యాకూబు. యాకూబు మెకానిక్. లారీ ఇంజను ఇప్పి మల్ల బిగిచ్చేటోడు. మనిషి సన్నగ, తుమ్మ కట్టె లెక్క, చెయ్యి మాత్రం పొడువు. గ్రౌండు బాయి పక్కనే. పదివేల మంది వచ్చిన్రు. ఏంది? గా గ్రౌండ్ల ఐదువందలు గూడ పట్టరా? నువ్వు లెక్క పెట్టినవా పోయి? చెట్ల మీద ఉన్నోళ్లను, గోడల మీద ఉన్నోళ్లను కలిపి చెప్తున్న. నేను ఆడోళ్ల దిక్కు కూసున్న, మీ బాపు నా సంకల. అప్పటికి వానికి నడక గూడ రాలే.

మీ చిన్నతాత కొమురయ్య మాత్రం రాలే. వానిది మొదటి షిఫ్టు, బాయిల ఉన్నడు. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు తలుపుకాడ నిలబడి, అన్నా నేను పైకొచ్చేవరకు గెలిచిన కప్పు ఇంట్ల ఉండాలె అని చెప్పి పోయిండు. ఇది యాదిల పెట్టుకో.

ఇంకొకడు లచ్చుమయ్య. సైరన్ కొట్టేటోడు. మీ తాతకు సోపతి, ఒక్క బీడీని ఇద్దరు తాగిన సోపతి. గ్రౌండు పక్కన దిబ్బ మీద సైరన్ రూము. డ్యూటీ ఇడిసిపెట్టి రావద్దు గద, కిటికీలకెల్లి అక్కడ్నే చూస్తున్నడు.

మొదటి రౌండు సమానం అనుకో. రెండో రౌండు మీ తాతది. మూడోది ఆఖరుది, గండ్ల మీ తాత యాకూబును మూలకు నూకి డొక్కల ఒక్కటి గుద్దిండు చూడు, గా చప్పుడు మంచిర్యాల్ల ఇనపడ్డది. యాకూబు మోకాళ్లు వంగినయి. ఇంకొక్క దెబ్బ, అయిపోయె. నేను లేసి నిలబడ్డ. అందరు లేసిన్రు. గప్పుడు సైరన్ కూసింది.

టైము రెండున్నర కాలే. షిఫ్టు సైరన్ మూడింటికి. నీకు చెప్పాల్సిన పని లేదు, నువ్వు గీ గడ్డ మీదనే పుట్టినవు. టైముకు కూస్తే సైరన్, టైము కాని టైముకు కూస్తే గుండె ఆగుడే. బాయిల ఏదో అయింది, పైకప్పు కూలిందో, నీళ్లు చొచ్చినయో. మా చెవులు గట్లనే తయారైనయి. అన్నం తింటున్నోడు ముద్ద ఇడుస్తడు, పిల్లకు పాలిచ్చేటామె రొమ్ము గుంజుకొని ఉరుకుతది. మీ తాత కూడ ఏం ఆలోచన చెయ్యలే. రెండు చేతులు కిందికి దించిండు. మొకం బాయి దిక్కు తిప్పిండు. తమ్ముడు లోపల ఉన్నడు గద.

యాకూబు కొట్టిండు. దవడ మీద.

గది నా బాధ, ఇంటున్నవా? రెఫ్రీ పట్నంకెల్లి వచ్చినోడు, వానికి సైరనంటే ఏం ఎరుక. వాడు ఒకటి రెండు అని లెక్క పెట్టుకుంట పోయిండు. వాన్ని నేను ఏమన. గని యాకూబు గీ ఊరోడే గద. వానికి తెల్వదా గా సైరన్ అంటే ఏందో? వాని బావ బాయిల పని చేస్తలేడా? చేతులు దించిన మనిషిని, గది గూడ తమ్ముని కోసం దించిన మనిషిని, ఎట్ల కొట్టిండు?

రెఫ్రీ పది అనేవరకు గ్రౌండ్ల నరమానవుడు లేడు. అందరం బాయి మొకానికి ఉరికినం. అందుకే చెప్తున్న, దునియాల ఏ ఛాంపియన్ గూడ ఖాళీ కుర్చీల ముందట గెలువలే, గా ఘనత మన యాకూబుకే. బాయికాడ ఆడోళ్లు ఏడుస్తున్నరు, ఒకామె అప్పుడే గాజులు పగులగొట్టుకోబోతే నేనే చేతులు పట్టుకున్న. ఇంతల మీ తాత వచ్చిండు. నోట్లకెల్లి రక్తం, చేతులకు గ్లౌజులు అట్లనే ఉన్నయి, ఇప్పుకునే సోయి లేదు. గేటు తియ్యబోతే గ్లౌజులతోని గడె అందుతలేదు. దాహం అన్నడు, చెంబు పట్టుకోవస్తలేదు. చిన్నపిల్లకు తాపినట్టు నేనే తాపిన. ఒక సంకల మీ బాపు, ఒక చేత మీ తాత.

అప్పుడొచ్చిండు లచ్చుమయ్య, దిబ్బ మీదికెల్లి ఉరుక్కుంట, చేతులు జోడిచ్చుకుంట. బాయిల ఏం కాలేదట. మీ తాత డొక్కల గుద్దంగనే సంబురం ఆగక సైరన్ గుంజిండట. సంబురానికి! పెండ్లిల డప్పు కొట్టినట్టు. ఆడోళ్లం చెప్పులు తీసినం. మీ తాతనే అడ్డం నిలబడి గ్లౌజులతోని వాన్ని కాపాడిండు. తర్వాత వానికి చార్జిషీటిచ్చిన్రు, మూడు నెలలు పని లేదు. గా మూడు నెలలు మా ఇంట్లనే తిన్నడు. చూసినవా మా ఖర్మ.

మూడింటికి షిఫ్టు దిగింది. కొమురయ్య పైకొచ్చిండు. మొకమంత మసి, పండ్లు ఒక్కటే తెల్లగ. అన్నను గ్లౌజులతోని చూసి, "గెలిచినవా అన్నా?" అని అడిగిండు. మీ తాత వాన్ని పట్టుకొని ఏడ్సిండు. ఏమనాలె ఇగ.

పొద్దు గూకెటప్పుడు తలుపు చప్పుడైంది. చూస్తె యాకూబు. నేను గిన్నెలు తోముతున్న. బోలు కడిగిన నీళ్లు బకెట్ నిండ ఉన్నయి, వాని మీన గుమ్మరిద్దామని ఎత్తి పట్టుకున్న. కొట్టినందుకు మాఫీ అడుగుతడు, గప్పుడు పోస్త అని చూస్తున్న. వాడు మాఫీ అడుగలే. గడప బయటనే నిలబడి, "భాభీ, కొమురయ్య బయటికొచ్చిండా?" అన్నడు.

గంతే. బకెట్ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నయి. గా ఒక్క మాట అడుగకపోతే ఎంత మంచిగుండు. నిండార తిట్టుకుంట బతుకుదును. గా మాటతోని నా కోపాన్ని సగం చేసిండు, సగం కోపంతోని మనిషి ఎట్ల బతుకుతడు చెప్పు.

మీ తాతేమో లోపల్నుంచి, రా యాకూబూ కూసో అన్నడు. రౌండు అయిపోయినట్టు గంట కొట్టలే, వాడు కొట్టిండు, తప్పేమున్నది అన్నడు. రూలు అంట. రింగుల ఉన్నంతసేపు నిన్ను నువ్వే కాపాడుకోవాలె అంట. నేను ఒప్పుకోలే. వానికి చాయ్ పోసిన గని చక్కెర ఎయ్యలే. ఆ దినం మొదలు ఎప్పుడొచ్చినా చక్కెర లేని చాయే. ముప్పై ఏండ్లు తాగిండు. ఒక్కనాడు మొకం ముడువలే. ఆఖరుకు షుగర్ బీమారి వస్తే, భాభీ నువ్వు ముందే కనిపెట్టినవ్, అందరికన్న పెద్ద డాక్టరు నువ్వే అని నవ్విండు. నా పగ గూడ వానికి మందు అయింది. గిట్లాంటి అన్యాయం ఏడనన్న ఉన్నదా?

ఒక్కసారి అడిగిన, ఎందుకు కొట్టినవు అని. చెయ్యి అప్పటికే బయలెల్లింది భాభీ, వాపస్ రాలే అన్నడు. అబద్ధం, నేను చూసిన, సైరన్ కూసినంకనే చెయ్యి లేపినవు అని కొట్లాడిన. అందరికి గట్లనే చెప్పిన, క్లబ్బు సెక్రటరీకి చెప్పిన, నీకు గూడ చిన్నప్పటికెల్లి గట్లనే చెప్పిన.

దగ్గరికి రా. చూడలే బిడ్డా. సైరన్ కూయంగనే నేను ఎనుకకు తిరిగి ఉరికిన. వాని చెయ్యి ఎప్పుడు లేసిందో నాకు తెల్వది. నలభై ఏండ్ల సంది చూడనిదాన్ని చూసిన అని తిడుతున్న.

నిన్న నీ సెమీ ఫైనల్ మాత్రం చూసిన. పక్కింటి పిల్ల ఫోన్ల సూపెట్టింది, నాలుగుసార్లు పెట్టిచ్చుకున్న. గా నస్పూర్ పిల్ల మంచిగ కొడుతున్నది, మల్ల జనంలకెల్లి కేక ఇనపడ్డది, వాళ్లమ్మ కూసున్నదల్లా కింద పడ్డది. పిల్ల మొకం అటు తిప్పింది. చేతులు దించింది. నువ్వు కొట్టినవ్. రెఫ్రీ లెక్క పెట్టిండు. నీకు దండలు ఏసిన్రు. నిన్నటి సంది ఇంట్ల ముద్ద ముట్టలే నువ్వు. రేపు ఫైనల్ పెట్టుకొని, దునియాల ముచ్చట్లన్ని ఇడిసి, తాత ఎట్ల ఓడిపోయిండు అని నన్ను అడుగవడితివి. నేను గుడ్డిదాన్ననుకున్నవా?

నీ చెయ్యి అప్పటికే బయలెల్లిందా? నేను తిట్ట. చెప్పు.

"లేదు బాపమ్మా. చూసే కొట్టిన."

ఊఁ.

తుడుసుకో మొకం. మీ తాత ఉంటే రూలే అనేటోడు. నేను మీ తాతను కాదు. నాకు ఒళ్లు మండుతున్నది, మా ఇంట్ల పిల్ల గిట్ల కొట్టుడు ఏందని. గని గెలుపును ఇప్పి వాపస్ ఇచ్చుడు నీతోని కాదు, నాతోని కాదు. ఒక్కటి చెప్పు. వాళ్లమ్మ ఎట్లున్నదో అడిగినవా?

అడుగలే. చూసినవా మరి. గా సన్నపు మెకానిక్‌కు ఉన్న బుద్ధి నీకు లేకపాయె. గా పిల్ల నంబరు కోచు కాడ ఉంటది గద. చెయ్యి. ఇప్పుడే, నా ముందట్నే. మాఫీ గీఫీ అంటే గా పిల్ల ఫోన్ పెట్టేస్తది. ఒక్కటే అడుగు.

…

ఏమంటున్నది? గట్టిగ చెప్పు, నాకు ఇనపడది. బీపీ పడిపోయిందట… దవాఖానల రాత్రంత ఉంచుకొని పొద్దున పంపిన్రట. మంచిగనే ఉన్నదా? సల్లగుండాలె తల్లి. ఇంకా ఏమన్నది, ఏందో శానా సేపు మాట్లాడింది? గా పిల్ల రేపు ఫైనల్‌కు వస్తదట? వచ్చి ముందటి వరుసల కూసొని, నువ్వు ఓడిపోతే నీ సంగతి చెప్తదట? గట్లనే కావాలె నీకు. తిట్టెటోళ్లు ముందట కూసుంటెనే మనిషి మంచిగ కొడుతడు.

పో బిడ్డా, నీ చేతులకు బలముండాలె, ఎప్పుడు మొకం ముందట్నే ఉండాలె. ఎన్నడన్న దించాల్సొస్తే దించు, ఫికర్ చెయ్యకు, మీ తాతకు ఏం తక్కువైంది, నేనే దగ్గరుండి నీళ్లు తాపిన. ఇంతకు, గా యాకూబును గూడ ఒకసారి మాఫ్ చేద్దునా… లేదు, వాన్ని ఇంకా ఇడువ. బోర్డు మీద పేరు అట్లనే ఉన్నది.

లే, అన్నం తిను. ముందు చాయ్ పెట్టు. నాకు రెండు చెంచాల చక్కెర ఎయ్యి.

నీకు ఎయ్యకు.