పోలేరమ్మకి వదిలిన పొట్టేలు

అట్టా గోడవైపు తిరిగి కూర్చుంటే నంబరేం ముందుకి రాదు మామా. మనది ఇరవై ఆరు. లోపల పంతొమ్మిదో ఆయన ఉండాడు. మాస్కు ముక్కు మీదకి లాక్కో. ఉదయగిరిలో తొలి బస్సెక్కి ఈ ఆత్మకూరు ఆసుపత్రికి వచ్చిందాకా ఒక్క మాట ఆడలా నువ్వు. చీటీ రాసే పిల్ల పేరేందంటే కూడా పలకలా, మా ఆయన పేరు వెంగయ్య అని నేనే చెప్పినా. ఎనిమిది నెలలైంది నీ గొంతు విని.

ఆదిశేషమ్మ వదిన ఏమనిందో తెలుసా? గాలి సోకింది, తాయెత్తు కట్టించు, ఆసుపత్రికి పోతే పిచ్చోడంటారు అనింది. కలిగినోళ్లకొస్తే డిప్రెషనంట, గొర్లు కాసేవాడికొస్తే గాలంట. నేను వినలా.

లోపల డాక్టరమ్మ అడుగుతుంది, ఎప్పట్నుంచి ఇట్టా అని. నేనే చెప్పాల. ఈయన తమ్ముడు మాల్యాద్రి కరోనాతో పోయినప్పట్నుంచి అని చెప్తా. పొట్టేలు తప్పిపోయినందుకే తమ్ముడు పోయినాడని ఈయన నమ్మకం తల్లీ, అని కూడా చెప్పాల. పోలేరమ్మకి చెవి కోసి వదిలిన పొట్టేలు, దాన్ని అమ్మకూడదు, ఎవరి చేలో పడి మేసినా అదిలించకూడదు అంటే, ఆమెకి ఏం అర్థమౌతుందో ఏమో.

రెండో కరోనాలో నువ్వు కొండాపురం అవతల చేలల్లో ఎరువు కోసం మంద కట్టి ఉండావు. గింజలిస్తామని పిలిచినోళ్లే, తీరా ఊళ్లోకి రానీకుండా దోవకి కంప అడ్డమేసినారు. మనిషొస్తే రోగమంట, గొర్ల ఎరువు మాత్రం కావాలంట. నెలన్నర ఒంటిగా పడుండావు ఆడ. సంతలు మూతబడినాయి, బేరగాడు రాలా. ఫోన్లో నీ మాట అప్పుడే పొడిపొడిగా అయిపోయింది. నీ మనసు అప్పుడే సగం విరిగింది, నాకు తెలుసు.

ఇంటికాడ మాల్యాద్రికి ఊపిరాడలా. నెల్లూరికి పోవాలంటే కారాయన పదివేలు ముందే పెట్టమన్నాడు. ఇంట్లో రేషన్ బియ్యం తప్ప ఏముండాది? రెండు రోజులు గడపగడపా తిరిగినా. కిటికీలోంచే లేదన్నారు.

నువ్వొచ్చేసరికి తమ్ముడి బూడిద కూడా లేదు. పొట్టేలేదని అడిగినావు. దుర్గం కొండకి మేతకి పోయి రాలేదని చెప్పినా. అంతే. దాన్ని మందతో తోలుకపోకుండా ఊళ్లో వదిలిపెట్టి పోయినందుకే పోలేరమ్మకి కోపమొచ్చిందని అంతా నీ నెత్తినేసుకున్నావు. కొండంతా వెతికినావు. ఆఖరికి నోరే మూసుకున్నావు.

ఇటు చూడు మామా. డాక్టరమ్మ కంటే ముందు నీకు చెప్పాల.

అది తప్పిపోలా. నేనే అమ్మినా.

జలదంకి నుంచి ఆటోలో ఒక మాంసం కొట్టాయన వచ్చినాడు. చెవి కోత చూసి వాడే వెనకాడినాడు. పాపం నాది, నువ్వు తోలుకపో అన్నా. మందంతా నీ దగ్గరుండె, నా కళ్లబడింది అదొక్కటే. గుడి ముందునుంచే తోలిచ్చినా. దండం కూడా పెట్టలా. మనిషి ఊపిరాడక చస్తా ఉంటే నీకు పొట్టేలెందుకని అమ్మనే అడిగినా. కారొచ్చింది. నెల్లూరు దోవలో సంగం దాటకముందే మాల్యాద్రి పోయినాడు.

ఇప్పుడు చెప్పు. అమ్మకి కోపమొస్తే ఎవరిని తీసకపోవాల? అమ్మింది నేను. నాకు ఒక్కరోజు జ్వరం కూడా రాలా. మాల్యాద్రిని తీసకపోయింది పోలేరమ్మ కాదు, కారుకి డబ్బుల్లేక పోగొట్టుకున్న ఆ రెండు రోజులు. ఈ మాట గుడి ముందు నిలబడి అయినా చెప్తా. కులపెద్దలు తప్పు కింద డబ్బు కట్టమంటే కట్టను. నువ్విట్టా అయిపోతుంటే చూస్తా కూడా భయపడి ఎనిమిది నెలలు దాచినా చూడు, నేను చేసిన తప్పు అదీ.

ఏంది? మాస్కు కిందికి లాగు, వినబడలా.

ఎంతకమ్మినానా?

పదకొండు వేలకి మామా.

అవును, ఇరవై వేలకి తక్కువ పోయేది కాదు. నాకు తెలీదా? సంత లేని రోజుల్లో నాకు దొరికింది వాడొక్కడే. బేరం చేతకాని దాన్నే, తిట్టు. నేను ఏడుస్తా ఉండానని ఆగబాక. ఇరవై ఆరు పిలిచిందాకా తిట్టు.