రెండో చరణంలో తప్పాలి

ఆ రికార్డు ఎక్కడ దొరికిందే నీకు? పాతసామాన్ల సంతలోనా? ఇటివ్వు, కళ్లజోడు పెట్టుకోనీ. ఆఁ, అట్ట మీద బొమ్మలో మధ్యనున్నది మీ అమ్మమ్మే, తొమోయె. ఆ పసుపు గౌను కుట్టింది నేనే. టీవీ స్టేషన్లో బట్టల గది పదకొండేళ్లు చూశాను. చంక దగ్గర కుట్టు వంకరపోయింది చూడు, సాయంత్రం చెప్పి పొద్దున్నకి మూడు గౌన్లు కావాలంటే అంతే మరి. ఆ కమలాపండు తిను, పులుపుండదు. ఏం చెబుతున్నాను, ఆ... వాళ్లేం పాటగత్తెలు కాదే. శనివారం హాస్య కార్యక్రమంలో మార్కుల పలకలు పట్టుకుని నవ్వుతూ నిలబడే పిల్లలు. ఆ కార్యక్రమం నడిపేవాడు కుసుమోతో అని, ఓ రోజు ఊసుపోక "మీ ముగ్గురూ ఓ పాట పాడండర్రా" అన్నాడు. పాడారు. భయంతో తొమోయె రెండో చరణంలో శ్రుతి తప్పింది. వాడు కాగితపు విసనకర్రతో నెత్తిన ఒక్కటిచ్చాడు. జనం పడీపడీ నవ్వారు. వారం తిరక్కుండా బస్తాల కొద్దీ ఉత్తరాలు. 'మూడు పిచ్చుకలు' అని పేరెట్టి, ఆ తప్పుతో సహా రికార్డు కూడా వేశారు. ఇక ప్రతి శనివారం డైరెక్టరు, "అమ్మాయ్, రెండో చరణంలో తప్పాలి, మర్చిపోకు." సరిగ్గా పాడితే తిట్లు. ఆడపిల్ల ప్రతిభకి గిరాకీ లేదు గానీ, ఆడపిల్ల తప్పుకి ఊరంతా గిరాకీయే.

పాడగలదా అంటావేంటే? నేను ఇస్త్రీ చేస్తుంటే పక్కన కూచుని వాళ్ల నాన్న వల లాగేటప్పటి పాటలు పాడేది. వింటూ వింటూ ఓ కిమోనో చెయ్యి కాల్చేశాను. ఎనిమిది నెలలకి జనానికి మొహం మొత్తింది, వచ్చే శనివారంతో పిచ్చుకలు సరి అన్నారు. తొమోయె నా దగ్గరికొచ్చి, "అక్కా, ఆఖరిరోజు సరిగ్గా పాడేస్తాను. నీ కూతురికి పాట రాదని పక్కింటావిడ రోజూ దెప్పుతోందట, మా అమ్మ ఒక్కసారి వినాలి" అంది. "తర్వాత ఎవరూ పనివ్వరే" అన్నాను. "ఇవ్వకపోతే పోనీ" అంది.

పాడింది. తెర పక్కన నేనున్నాను. దేశమంతా విన్నది మాత్రం రికార్డు. ఆమె మైకు కట్టేసి రికార్డు తిప్పారు. రెండో చరణంలో ఆ గొంతు తప్పింది, ఈమె గొంతు తప్పలేదు. విసనకర్ర దెబ్బ పడ్డా ఆపలేదు. మీ అమ్మమ్మ వాళ్లమ్మ ఊళ్లో టీవీ కట్టేసి లేచి వెళ్లిపోయిందట.

వాళ్లకి ముందే ఎలా తెలిసిందంటావా? డైరెక్టరు మంచివాడనుకున్నాను. పిల్ల భవిష్యత్తు పాడుచేసుకుంటోంది, కాస్త నచ్చజెప్పండని, ఒక్క మాట... నేనే. నేనే చెప్పాను. మీ అమ్మమ్మకి తెలీదు. పోయేదాకా ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు రాసేది, "నువ్వు విన్నావుగా అక్కా, చాలు" అని. ఒక్కదానికీ జవాబు రాయలేకపోయాను.

వద్దు, ఆ రికార్డు పెట్టకు. అందులో ఉన్నది ఆమె గొంతు కాదు. ఇంకో పండు వొలవనా?