పాడైందని చెప్పు సేటూ

జగదల్‌పూర్‌లో పాత కుట్టుమిషన్లు కొని, బాగుచేసి అమ్మే భూషణం దుకాణం. బీజాపూర్ జిల్లా మద్దేడ్ పక్క ఊరి నుంచి మంగ్లూ, అతని భార్య నందే తెల్లవారుజామున బస్సు టాపు మీద మిషను వేసుకుని బయల్దేరి, మధ్యాహ్నానికి వచ్చిపడ్డారు. మిషను వాళ్ళ కూతురు ఊర్మిలది. సరుకు చూపించడానికి వచ్చినవాడెవడైనా తనది బంగారమనే అంటాడు. మంగ్లూకి మాత్రం ఇవాళ మిషను గురించి భూషణం నోటివెంట ఒక్క మంచిమాట కూడా రాకూడదు.

"ఓలమ్మో! ఇదేటి, ఇలగ తిరుగుతున్నాది! వేలుతో అంటితే సాలు, సక్రం ఆగనంటున్నాది. సూడు చెల్లెమ్మా, సూడు!"

"చూసినవా? నేనన్ననా లేదా? మంచిగున్నదని బస్సుల పొడుగూత చెప్పిన. ఈయన వినడు, సేటూ."

"చక్రం తిరిగితే అయిపోయిందా? లోపల చూడు సేటూ. లోపల అరిగింది. పక్కా అరిగింది."

"అరిగితే నాకు తెల్దేటి, మంగ్లూ? ముప్పై ఏళ్ళుగా వీటి కడుపులో సెయ్యి పెట్టే బతుకుతున్నాను. ఇదిగో, సూది కింద రేకు తీస్తున్నాను. పళ్ళు సూడు. ఒక్క పన్ను మొండెక్కలేదు. గుడ్డని కరిసి లాగుతాయి ఇవి."

"రంగు పోయింది కదా."

"రంగేటి, రంగు? పెళ్ళిసూపులా? ఈ మూల పువ్వుల బొమ్మ సెరిగింది, అంతే. గుడ్డ రాసుకుని సెరిగింది. అంటే మనిషి కుదురుగా కూకుని బాగా కుట్టిందన్నమాట. కుట్టిన మిషనే మంచి మిషను బాబూ. మూల పడేసిందే పాడవుతాది."

"మా ఊర్మిల కుట్టింది సేటూ. పదిహేడేండ్లకే ఊరందరికి జాకెట్లు. మా ఊళ్ళె, పక్కూళ్ళె. ఇస్కూలు పిల్లలకు లంగాలు, మా మామకు సంచి, దానికో గుండీ..."

"ఇప్పుడవన్నీ ఎందుకే?"

"ఎందుకంటవేంది? మిషను ఎవరు తొక్కిండ్రో చెప్పొద్దా?"

"సెప్పనీ, మంగ్లూ. నీకేటి నొప్పి? మరి పిల్ల రాలేదేటి చెల్లెమ్మా? దాని మిషను అదే సూపించుకోవాల కదా."

"పనికి పోయింది. తెలంగాణ దిక్కు. మిరపకాయ ఏరబోయింది, ఆడ్నే మిల్లుల పని దొరికిందట. నాలుగేండ్లాయె. ఈయన పోయి చూసొచ్చిండు. మంచిగున్నదట. ఏందయ్యా, మంచిగున్నది కదా?"

"ఆ."

"ఆ అంటే?"

"మంచిగున్నదని చెప్పిన కదా! ఎన్నిసార్లు చెప్పాలె?"

"కోపమెందుకు బాబూ? తల్లి కదేటి, అడుగుతాది."

"అడిగితే ఏమంటున్న? చెప్తనే ఉన్న."

"సరే సరే. నాకొక్కటే ఇసిత్రంగా ఉన్నాది. నూనె సూడు, నిన్నో మొన్నో ఏసినట్టుంది. గాని పీచు లేదు."

"పీచేంది సేటూ?"

"కుడుతుంటే గుడ్డ నూలు రాలి, ఈ పళ్ళ కింద పేరుకుంటాది చెల్లెమ్మా. నూనె ఉన్న సోట పీచు ఉండాల. ఇక్కడ నూనె ఉన్నాది, పీచు లేదు. కుట్టని మిషనుకి నూనె ఎవులేస్తారు?"

"నేనే. రోజు పొద్దుగాల. పిల్ల చెప్పిపోయింది, అమ్మా, నూనె ఎయ్యకుంటే బిగుసుకపోతది అని. ఇప్పగింజల నూనె కాదు సేటూ, మిషను నూనే. మద్దేడ్ సంతల కొంట."

"నాలుగేళ్ళూ? ఒక్క పూటా మానలేదా?"

"మానలే. జరమొచ్చి మంచం పట్టిన పూట ఈయనతోని ఏపిచ్చిన."

"శభాష్! ఇంటున్నావా మంగ్లూ? ఇలాటి చెయ్యి పడ్డ మిషను నాకు ఏడాదికొకటి దొరకదు. పోయింది ఒక్క బెల్టే. కొత్త బెల్టేస్తే పదేళ్ళు దీని మొకం సూడక్కర్లేదు. అమ్ముతానంటే ఇప్పుడే మూడు వేలు."

"అమ్మం సేటూ. పిల్ల సొమ్ము మేమెట్ల అమ్ముతం?"

"మూడు వేలు ఎందుకు చేస్తది? అంత లేదు. ఇనుము కింద పోతది, గంతే. కబాడీ మాల్."

"నీ సరుకుని నువ్వే కబాడీ అంటావేటయ్యా! నా దుకాణం పెట్టాక ఇలాటి బేరం సూళ్ళేదు. కొనేవోడు పెంచుతున్నాడు, తెచ్చినోడు దించుతున్నాడు."

"ఆయన మాట పట్టుకోకు సేటూ. నీ కాడ బెల్టున్నదా?"

"అయిపోయాయి చెల్లెమ్మా. గోల్ బజార్లో దొరుకుతాయి, ఆ మలుపు తిరిగితే నాలుగో దుకాణం. భూషణం పంపించాడని సెప్పు, మంచిదిస్తాడు."

"నువ్వు పోయి తే, నందే."

"నువ్వు రావా?"

"నేనీడ... మిగిలింది చూపిస్త."

"ఎండల నేనే పోవాల్నా? సరే తియ్. సేటూ, నేనొచ్చేదాక జెర పైలం."

నందే వీధి మలుపు తిరిగేదాకా మంగ్లూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పాడైందని చెప్పు సేటూ."

"ఏటి?"

"ఆమె వచ్చినంక. పాడైంది, ఇంక నడవదు అని చెప్పు. ఒక్క మాట."

"ఎందుకు సెప్పాల? ఓహో! అప్పులున్నాయేటి? తాగుతావా? అమ్ముకోవాలంటే పెళ్ళానికి సెప్పి అమ్ముకో. నన్ను మజ్జిన పెట్టకు."

"అమ్మను. పైసలొద్దు నాకు."

"మరేటి కావాల?"

"పగలగొట్టు."

"ఏటీ?"

"పగలగొట్టు సేటూ. సుత్తె ఉన్నది కదా నీ కాడ."

"మతుండే మాటాడుతున్నావా? నడుస్తున్న మిషను మీద సుత్తి ఎత్తమంటావా? నా చెయ్యి పడిపోద్ది! కావాలంటే ఇంకో వెయ్యి ఏసుకో, నాలుగు వేలిస్తాను. పట్టుకుని పో."

"ఆ నాలుగు నేనే నీకిస్త. పగలగొట్టి ముక్కలు నాకియ్యి."

"ముక్కలు కూడా నీకేనా? మరి నాను కొన్నదేటి, నువ్వు అమ్మిందేటి? ఆ ముక్కలేటి సేసుకుంటావు?"

"తీస్కపోత."

"ఎక్కడికి?"

"దూరం."

"ఇదిగో, మంగ్లూ. సూటిగా సెప్పు. రేపు పిల్లొచ్చి నా మిషనేదని అడిగితే ఏటంటావు?"

"రాదు."

"రాదంటే? అక్కడే ఎవుణ్ణన్నా మనువాడేసిందా?"

"గంత పుణ్యమా సేటూ! మిరపచేన్ల జరమొచ్చింది. మూడు రోజులు. పని ఆగుతదని మేస్త్రి దవాఖానకు తోల్కపోలే. నాకు కబురొచ్చి, నేను పోయేసరికి, కాలువ గట్టు మీద మట్టికుప్ప చూపిచ్చిండు. తడి కూడ ఆరలే ఇంక."

"దేవుడా."

"ఆ కుప్ప చూస్తే గింతే ఉన్నది సేటూ. మా ఊర్మిల పొడుగు. ఇంత పిల్ల దీంట్ల ఎట్ల పట్టిందని మేస్త్రిని అడిగిన. ఏం అడగాల్నో తెల్వక అదే అడిగిన."

"కూకో. నీళ్ళు తాగు. కూకో ముందు. చెల్లెమ్మకి... తెల్దా?"

"తెల్వదు. ఇంటికొచ్చేసరికి అన్నం వండి మూడు ఆకులేసి కూసున్నది. నాకొకటి, ఆమెకొకటి, పిల్లకొకటి. చెప్దామనే నోరు తెరిచిన. వేరే మాట వచ్చింది. మంచిగున్నది, మిల్లుల పని దొరికిందన్న. ఏ మిల్లో నాకే తెల్వదు. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి లేచేసరికి మిషనుకు నూనె ఏస్తున్నది."

"నాలుగేళ్ళు మోసావా దీన్ని?"

"దీపాలకొస్తదన్న. కొత్తల పండుగకొస్తదన్న. సెలవియ్యలేదన్న. అబద్ధమాడి ఆడి, ఒక్కోపారి నాకే అనిపిస్తది, వస్తదేమో అని."

"సరే బాబూ. సరే. ఏడుపొస్తే ఏడు. గాని ఈ పగలగొట్టడమేటి, నాకర్థం కాలేదు."

"మా ఇంటోళ్ళ రివాజు అది. పోయినోళ్ళు చేత్తోని పట్టిన సామాను పగలగొట్టి వాళ్ళను పూడ్చిన కాడ పెడతం. మా అయ్యకు గొడ్డలి. మా అమ్మకు కుండ. మంచిగున్నది పెడితే ఈడ్నే ఉంటది. పగిలితేనే వాళ్ళకు చేరుతది. మా పిల్లకు ఏం చేరలే. నాలుగేండ్ల సంది ఉత్త చేతులతోని ఆ గట్టు మీద కూసున్నది. పని లేకుండ కూసునే పిల్ల కాదు సేటూ అది."

"మరి ఇంటికాడ నువ్వే కొట్టొచ్చు కదేటి?"

"తండ్రి కొట్టగూడదు. మొదటి దెబ్బ కన్నతల్లిది. ఆమె లేకుంటే పరాయోడు కొట్టాలె. ఆమెను ఎట్ల అడుగుత? బీజాపూర్ల అందరు ఎరికైనోళ్ళే, నోరు జారుతరు. అందుకే బస్సెక్కిచ్చి ఇంత దూరం నీ కాడికి తెచ్చిన."

"నా పని బాగుసెయ్యడం బాబూ. పగలగొట్టడం నాకు రాదు."

"దండం పెడత. ఆమె వచ్చేస్తది. పాడైందని నీ నోట వస్తే నమ్ముతది, నువ్వు పని తెలిసినోడివి. ఏడుస్తది. మిషను పోయిందని ఏడిస్తే ఏడవనీ. ఆ ఏడుపు వేరే, దాన్ని నేను చూడగల్గుత."

"కాళ్ళొదులు. లే. లేవయ్యా, ఎవులన్నా సూస్తారు."

"చెప్తవా?"

"సెప్తాను. లే."

బెల్టు చేతికి చుట్టుకుని నందే వచ్చింది. మంగ్లూకి మొహం కడుక్కునే వ్యవధి కూడా దొరకలేదు.

"దొరికిందా చెల్లెమ్మా?"

"దొరికింది. ఏసి చూపియ్యి."

"అదీ... మరేటంటే... లోపల ఇరుసు పగిలింది. ముందు సూళ్ళేదు నాను. ఇది ఇంక నడవదమ్మా."

"ఇందాక వేలు పెడితే ఆగనన్నదన్నవ్."

"అంటే... పైకలగే తిరుగుతాది..."

"పని తెలిసినోడు చెప్తున్నడు కదా, విను నందే. పాడైంది. ఈడ్నే ముక్కలు చేయించి తీస్కపోదం."

"నీ కండ్లెందుకు ఎర్రగున్నయ్?"

"దుమ్ము."

"సేటూ, నీవి?"

"నాకూ... దుమ్మేనమ్మా."

"సేటుకు చెప్పినవా?"

"ఏంది?"

"కాలువ గట్టు సంగతి."

"నందే!"

"నాకు చెప్పలేకపోయినవ్, పరాయోనికి చెప్పినవ్. పోనీ తియ్, ఎవరికో ఒకరికి చెప్పినవ్."

"నీకు... నీకెట్ల ఎరికె?"

"మనూరి సమ్మక్క బిడ్డ మన ఊర్మిలతోని ఒకే సాలుల మిరపకాయ ఏరింది. నువ్వు రాకముందే ఊరొచ్చి నా ఒళ్ళె పడి ఏడ్చింది."

"మరి మూడు ఆకులేసినవ్ కదనే!"

"పోయినోళ్ళకు పెట్టే ఆకు కాదా అది? నువ్వొచ్చి చెప్తవ్, ఇద్దరం ఏడుద్దమని ఏసిన. నువ్వు గడపల నిలబడి మంచిగున్నదన్నవ్."

"ఒక్క మాట అనకపోయినవ్! రోజు నూనె ఏసుకుంట..."

"నూనె మానేస్తే నాకు తెలిసిందని నీకు తెలుస్తది. ఆ అబద్ధం పట్టుకునే నువ్వు నిలబడ్డవ్, అన్నం తింటున్నవ్. అది గుంజుకుంటే ఏమైపోతవో అని భయమైంది."

"చెల్లెమ్మా, కూకో అమ్మా, కొంచెం కూకో..."

"కూసోను సేటూ. సుత్తె ఇటియ్యి, మొదటి దెబ్బ నాది. ఈయన ఎన్నడడుగుతడా అని నాలుగేండ్ల సంది ఎదురుచూస్తున్న."