పడుగమ్మ గారి పెన్సిలు

వెయ్యి తొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీన మన వారపత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా చేరి, నేడు కథావిభాగ సంపాదకులుగా పదవీ విరమణ చేస్తున్న మాన్య సహోద్యోగినికి ఆఫీసు పెట్టుకున్న పేరు పడుగమ్మ గారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

వారు నేతపనివారి ఇంటి ఆడపడుచు. మగ్గం మీద ముందే బిగించి ఉండే నిలువు దారాలు పడుగు, అడ్డంగా నేసుకుపోయేవి పేక. "సంఘటనలు పేకమ్మా, ఎన్ని రంగులైనా వేసుకో. వాటిని పట్టి ఉంచే పడుగేదీ?" అన్నది రచయితలందరికీ వారు వేసే ప్రశ్న. ఆ కథ దేని గురించో ఒక్క వాక్యంలో వ్రాతప్రతి నెత్తిన పెన్సిలుతో రాయగలిగితేనే అచ్చుకు పంపేవారు. కథ చివర నీతివాక్యం అతికించి, ఇదే పడుగన్న ఒక లెక్చరర్‌తో, "అది అంచు నాయనా! పడుగు గుడ్డంతా ఉంటుంది, కంటికి ఆనదు" అన్నారు.

తొంభై నాలుగులో వారు ఉపసంపాదకులయ్యారు. ఆ ఏడే సీసపు అక్షరాలు పేర్చే కొత్త కంపోజిటరు ఒకడు పనిలో చేరాడు. చేరి మూడు నెలలు, ఇంట్లో పదిరోజుల పసికందు. పంతం పట్టి ఏడేళ్లు మాటలు మానేసిన అన్నాచెల్లెళ్ల కథ అతని చేతికొచ్చింది. చెల్లెలు తలుపు తడుతుంది, అన్న తీస్తాడు, అంతటితో కథ సమాప్తం. ఆ పక్కన పడుగమ్మ గారు, పడుగు దొరికిన సంబరంలో పెన్సిలు కనబడక, సిరాతో "పడుగు" అని రాసుకున్నారు. సిరాతో ఉన్నదల్లా అచ్చుకే కనుక కంపోజిటరు దాన్ని కథలో మాటే అనుకుని, పైగా 'ప'కు గుడి పెట్టి మరీ పేర్చాడు. పత్రిక ఇలా వెలువడింది: "అన్న తలుపు తీశాడు. పిడుగు."

రచయిత పత్రిక పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. "అన్నాచెల్లెళ్లని కలపమని కథిస్తే ఇద్దర్నీ చంపేశారేంటండీ!"

"పుణ్యానికి గుడి కట్టేవాళ్లని చూశాం గానీ, ఉద్యోగం ఊడేలా గుడి పెట్టినవాణ్ణి నిన్నే చూశాన్రా" అన్నాడు ఫోర్‌మన్. మేనేజరు గారు నవ్వలేదు. "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు.

అప్పుడు పడుగమ్మ గారు ముందుకొచ్చారు. "రాసింది నేనండీ. పెన్సిలుతో రాయాల్సింది సిరాతో గిలికాను. పంపిస్తే నన్ను పంపించండి."

మేనేజరు గారు చివరి పేజీ వచ్చే సంచికలో మళ్లీ వేయమన్నారు. ఇద్దరి ఉద్యోగాలూ మిగిలాయి.

బయటికొచ్చాక పడుగమ్మ గారు అడిగారు. "ఉరుము లేకుండా పిడుగేమిటని అనుమానం రాలేదా నాయనా?"

"రాలేదండీ. మన కథలు చాలా అలాగే అయిపోతున్నాయి కదా!"

వారు పడీపడీ నవ్వి, "పడుగు లేని కథకే పిడుగు కావాలి. మధ్యాహ్నం నా గదికి రా, చూపిస్తాను" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆ కథనే పేజీ పేజీగా విప్పారు. ఉత్తరం రాసి పోస్టు చెయ్యని అన్న, వీధిలో ఎదురుపడి తల తిప్పుకున్న చెల్లెలు. ప్రతిచోటా 'ముందు ఎవరు పలకాలి' అన్న ఒక్క దారమే. "అందుకే తలుపు చప్పుడు చాలు" అన్నారు.

అలా మొదలైన పాఠం పాతికేళ్లకు పైగా సాగింది. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. వారి పెన్సిలు మాత్రం పోలేదు. నిలబెట్టిన కథలెన్నో, వాటిలో ఎక్కడా వారి పేరు లేదు. కంపోజిటరు అక్షరాల గళ్ల నుంచి వారి ఎదుటి కుర్చీకి చేరాడు.

పోయిన వారం అతను ఈ సంచిక కోసం వారి పదోన్నతులూ సన్మానాలూ వరుసగా పేర్చి నాలుగు పేజీలు రాసి బల్ల మీద పెట్టుకున్నాడు. టీ తాగి వచ్చేసరికి నెత్తిన పెన్సిలుతో ఒకే మాట: "పడుగు?"

ఆ నాలుగు పేజీలూ చించి అతను రాసిందే ఈ వ్యాసం. నెత్తిన ఒక్క వాక్యం రాసుకున్నాకే మొదలుపెట్టాడు: "తప్పును తనవైపు లాక్కుని, పేరును ఎదుటివారికి వదిలిన మనిషి." వారి పెన్సిలు తగలకుండా అచ్చుకు వెళుతున్నది ఇదొక్కటే, గుళ్లు మాత్రం రెండుసార్లు సరిచూశాడు.

పడుగమ్మ గారు ఆయురారోగ్యాలతో, మనవలకు కథలు చెబుతూ, నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఉరుము లేని పిడుగు వారి ఇంటి ఛాయలకు రాకూడదు. తలుపు చప్పుడైన ప్రతిసారీ గుమ్మంలో అయినవాళ్లే ఉండాలి.